నీళ్ళల్లో పద్నాలుగు మీటర్లు

హన్మకొండలో ఉండే మా బామ్మర్దికి గుహల పిచ్చి. బెలూం పోయొచ్చాడు, బొర్రా పోయొచ్చాడు, ఇక మేఘాలయ పోయి నీళ్ళు నిండిన గుహల్లో ఈదాలట. పోయిన ఏడు రేగొండ దగ్గర పాండవుల గుట్టలకు నన్నూ లాక్కుపోయాడు. ఓ బండ సందులో అడ్డంగా దూరి అవతల తేలి, "రా బావా, ఏంగాదు" అని ఒకటే పిలుపు. నేను ఈవలే కూర్చొని సర్వపిండి తింటూ ఉండిపోయా. "రోజూ భూమిలకు దిగెటోనివి, గీ సందుకు భయపడ్తవా" అని ఇంటికొచ్చాక అందరి ముందు పరువు తీశాడు. నా వంతు సందు నేను అప్పటికే దాటొచ్చానని వాడికి తెలీదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నేను బొగ్గుబాయిలో సర్వేయర్ని. ఏ బాయో చెప్పను. గోదావరి పక్క బెల్టులో ఒకటి, ఇప్పుడది మూతపడింది కూడా.

అప్పట్లో మా కొత్త డిస్ట్రిక్ట్, అంటే బాయిలో కొత్తగా తవ్వుతున్న భాగం, పాత పనుల వైపు నడుస్తోంది. పాత పనులంటే ఎన్నో ఏళ్ళ కింద వదిలేసిన గ్యాలరీలు, బొగ్గు తీసిన సొరంగ దారులు. వదిలేసిన చోట నీళ్ళు చేరతాయి. అలా నీళ్ళు నిలిచిన చోటికి 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా తవ్వొద్దని రూలు. అనుమతొచ్చినా ముందుకు బోర్లు వేసుకుంటూ పోవాలి, బోరు ముఖం కన్నా, అంటే తవ్వుతున్న కొస కన్నా, ఎప్పుడూ కనీసం 3 మీటర్లు ముందుండాలి. ఇవి ఎవరో కూర్చుని ఊహించి రాసిన రూళ్ళు కావు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలాలో పాత నీళ్ళు ఒక్కసారి విరుచుకుపడి 375 మంది పోయారు. అంత దూరం ఎందుకు, 2003 జూన్‌లో మన గోదావరిఖనిలోనే నీళ్ళల్లో 17 మంది పోయారు. ఆ తర్వాత చాన్నాళ్ళు, సెకండ్ షిఫ్ట్ నుంచి నాన్న రావడం పావుగంట ఆలస్యమైతే అమ్మ వాకిట్లోకొచ్చి నిలబడేది.

సరే, 60 మీటర్లు. ఎక్కణ్ణుంచి కొలవాలి? ప్లాను మీదున్న గీత నుంచి. ఆ గీత గీసినాయన ఎప్పుడో రిటైరయ్యాడు. ఆయన గురించి నాకు తెలిసింది ఆయన చేతిరాతే. తొమ్మిదికి తోక సాగదీసి రాసేవాడు. ఆ తోకల్ని నమ్మి మంది చేత తవ్వించాలంటే నాకు నిద్రపట్టలేదు. ఒకసారి లోపలికి పోయి చూసి కొలుచుకొస్తానని రాసిచ్చా. మేనేజర్ సారు కాగితం రెండుసార్లు చదివి, "ఈత వచ్చా?" అని మాత్రం అడిగాడు.

పాత ముఖానికి పోయే దారి ఒక్కటే మిగిలింది. కింది గ్యాలరీలు పూర్తిగా మునిగాయి, పైవి కప్పు కూలి మూసుకుపోయాయి. మిగిలిన లెవెల్ (దాదాపు సమతలంగా పోయే దారి) మధ్యలో ఫాల్ట్, అంటే రాతి పొరల విరుపు, తగిలి దారి ఒకచోట కిందికి దిగి మళ్ళీ పైకి లేస్తుంది. ఆ గుంతలో నీళ్ళు కప్పుదాకా నిండి బిరడా బిగించినట్టు ఉంది. అవతలికి గాలి కూడా పోవట్లేదు. మనిషికి అసలు ప్రమాదం అక్కడే. గాలాడని పాత పనుల్లో ఆక్సిజన్ తగ్గిపోతుంది, కంటికి ఏమీ కనబడదు, మనిషి మోకాళ్ళ మీద కూలబడతాడంతే.

రెండు పంపులు పెట్టారు. పంపు దగ్గర ఉండే కాకకు రిటైర్‌మెంట్ ఇంకో ఏడాది. నీటి అంచున ఉన్న దుంగ మీద సున్నంతో గంట గంటకూ గీత పెట్టేవాడు. లెవెల్ కదా, అంగుళం దిగితే గజాల కొద్దీ నేల తేలుతుంది. మూడోరోజు ఫస్ట్ షిఫ్ట్‌లో నేను గుంత దగ్గరే ఉన్నా. లోపల్నుంచి గుటుక్కుమని చప్పుడు. తర్వాత సన్నగా ఈల. తడి మొహం మీద చల్లగా తగిలింది. "గాలి దారి దొరికింది సారూ" అన్నాడు కాక, పొయ్యి అంటుకున్నంత మామూలుగా.

దారి దొరికింది కదా అని అప్పుడే దూరలేదు. ఆ రోజంతా, రాత్రంతా గాలి ఆడనిచ్చాం. ఈలోగా కాకే ఒక పని చేయించాడు. పంపులు రెండూ ఆపి, గడియారం పెట్టి, నీళ్ళు ఎంతసేపటికి ఎంత లేస్తాయో చూశాం. పది నిమిషాలకు అంగుళం. అప్పుడు నీటికీ కప్పుకూ మధ్య సందు పదిహేను అంగుళాలు. అంటే పంపులు ఆగిన రెండున్నర గంటలకు బిరడా మళ్ళీ బిగుసుకుంటుంది. ఆ లెక్క నా ఫీల్డ్ బుక్ మొదటి పేజీలో ఇప్పటికీ ఉంది.

తెల్లారి మస్టర్ పడ్డాక బాయి మూతి దగ్గర మైసమ్మకు దండం పెట్టుకొని దిగాం. షిఫ్ట్ పని చూసే ఓవర్‌మన్ సారు, నేను, నాకు టేపు పట్టే చైన్‌మన్ తమ్ముడు అవతలికి. కాక ఈవల, చేతిలో తాడు కొసతో. సంజ్ఞలు మేమే అనుకున్నాం. ఒక గుంజు ఆగు, రెండు గుంజులు రా, మూడు గుంజులంటే ఏ పనుంటే ఆ పని వదిలేసి వచ్చెయ్. ఫీల్డ్ బుక్కు, టేపు, వడంబం (గుండు కట్టిన దారం) పాలిథిన్ కవర్లో చుట్టి మెడకు కట్టుకున్నా. క్యాప్‌ ల్యాంప్ బ్యాటరీ నడుము నుంచి విప్పి భుజం మీదికి ఎక్కించి బిగించారు.

ఇంకోటి చెప్పాలి. నిలవ నీళ్ళను కదిలిస్తే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్. దిగే ముందు కాక చెప్పింది నాకు ఇంకా చెవిలో ఉంది. "వాసన వస్తే చెప్పున్రి. వచ్చిన వాసన పోయిందా, ఆడ నిలబడకున్రి. గ్యాస్ పోయిందనుకునేరు, ముక్కు సచ్చిపోతది." నిజమే, ఎక్కువ మోతాదులో ఆ గ్యాస్ ముందు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. అందుకే ఓవర్‌మన్ సారు డిటెక్టర్‌ను దీపంలా చేయెత్తి పట్టుకుని ముందు నడిచాడు.

మోకాళ్ళ లోతు, నడుము లోతు, ఛాతీ లోతు. కింద రెండడుగుల బొగ్గు బురద. దాని కింద పాత పట్టాలు, స్లీపర్లు. కాలు ఎత్తి వేస్తే పడతాం, ఈడ్చుకుంటూ పోవాలి. గుంతలోకి వచ్చేసరికి నీళ్ళు గడ్డానికి తగిలాయి. హెల్మెట్ కప్పుకు రాసుకుంటోంది. అక్కడి రూఫ్ బోల్టు ప్లేట్లు తుప్పుపట్టి పెచ్చులు లేచి ఉన్నాయి. తల ఎటు వంచాలన్నా ముందు వాటిని చూసుకోవాలి. మొహం పైకెత్తితే ల్యాంపు వెలుగు కప్పు మీద పళ్ళెమంత పడుతోంది. నాకు కనిపించిన లోకం అంతే.

నీళ్ళ చలికి, చీకటికి సిద్ధపడే పోయా. అలల సంగతి నాకు తట్టలేదు. ముందున్న మనిషి కొంచెం తొందరపడితే చాలు, అల వెనక్కొచ్చి సరిగ్గా ముక్కులోకి కొడుతుంది. ఒక గుక్క లోపలికి పోయింది. ఇనుము రుచి. దగ్గు వచ్చింది, దగ్గితే ఇంకో అల. ఓవర్‌మన్ సారు వెనక్కి తిరక్కుండానే, "నిలబడు. ఊపిరి తీస్కో. నీళ్ళు నిలబడ్డంక నడువు" అన్నాడు. నిలబడ్డా. నీళ్ళు నిలబడ్డాయి. అప్పటినుంచి ఒక్కొక్కరం ఆగి ఆగి దాటాం. పద్నాలుగు మీటర్లకు పదకొండు నిమిషాలు.

అవతల నేల పైకి లేచింది. ఆక్సిజన్ 19.4. రూలు ప్రకారం 19కి తగ్గకూడదు, కాబట్టి ఎక్కువసేపు కూర్చునే చోటు కాదు. పాత దుంగల నిండా తెల్లటి బూజు, పత్తి కాయలు పగిలినట్టు. ఊదితే కదులుతోంది. ఓవర్‌మన్ సారు అడుగడుక్కీ కర్రతో కప్పును తట్టి చెవి పెట్టి వింటున్నాడు. గట్టి కప్పు ఖణేలుమంటుంది, ఊడేది డొల్లగా మోగుతుంది. రెండు చోట్ల డొల్లగా మోగింది, పక్కనుంచి పోయాం.

దిక్సూచి పెట్టలేం, చుట్టూ పట్టాలు, బోల్టులు, అన్నీ ఇనుమే. కప్పులో పాత సర్వే స్టేషన్, అంటే కొలతకు గుర్తుగా కొట్టిన కొక్కెం, దొరికితేనే కొలత. చైన్‌మన్ తమ్ముడు అరచేత్తో మసి తుడుస్తూ పోయి, "సార్, కొక్కెం" అన్నాడు. చిన్న రేకు, దాని మీద నంబరు. తొమ్మిదికి పొడుగు తోక. ఎందుకో గానీ, ఆ ముసలాయన అక్కడే కూర్చున్నట్టు నాకు ధైర్యం వచ్చింది.

వడంబం వేలాడదీసి ముఖం దాకా కొలిచాం. ప్లానుకూ మా టేపుకూ తేడా ఇరవై సెంటీమీటర్లు కూడా రాలేదు. ఆయన గీత సరిగ్గానే గీశాడు. ఇక పోదామనుకుంటుంటే కుడి పక్క సైడులో లైటు లోపలికి పోయింది. గోడ ఉండాల్సిన చోట గోడ లేదు. రైజ్ (బొగ్గు పొర ఎగువ) వైపు, అంటే మా కొత్త డిస్ట్రిక్ట్ వైపే, ఓ గ్యాలరీ మొదలుపెట్టి వదిలేశారు. ప్లానులో లేదు. ఆఖరి కొలత అయ్యాక, నీళ్ళొచ్చి పని ఆగేలోపు కొట్టిన ముక్క అయ్యుంటుంది. టేపు పట్టాం. మూడు మీటర్ల పది.

రాసుకుంటుండగా తాడు కదిలింది. ఒకటి, రెండు, మూడు.

చైన్‌మన్ తమ్ముడు నా మొహం చూశాడు. నేను బుక్కు కవర్లో చుట్టబోతే ముడి పడట్లేదు, వేళ్ళు వణుకుతున్నాయి. పైన గాలివానకు కరెంటు పోయి పంపులు రెండూ ఆగాయని తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా పది నిమిషాలకు అంగుళం అన్న లెక్కే. గుంత చేరేసరికి ఇందాక గడ్డం కింద ఉన్న నీళ్ళు కింది పెదవికొచ్చాయి. రెండంగుళాలు. ఇంకా పదమూడు ఉన్నాయని మనసులో అనుకుంటూ, నోరు మూసి, ముక్కు కప్పుకు ఎత్తి, నీళ్ళు నిలబడ్డాకే అడుగు వేశా. తొందరపడాలన్న కోరికను ఆపుకోవడం కన్నా కష్టమైన పని నేనింతవరకు చెయ్యలేదు.

ఈవలకు రాగానే కాక నా భుజం పట్టి బయటికి లాగాడు. కాసేపటికి కరెంటు వచ్చింది, పంపులు మళ్ళీ అందుకున్నాయి.

"ఎంతొచ్చింది సారూ?"

"మూడు మీటర్లు ఎక్కువుంది కాకా, మన దిక్కు."

"ఏ పక్కకు?"

"కుడి పక్కకు, రైజ్‌కు."

కాసేపు ఆలోచించాడు. "అప్పట్ల ఆ ముఖంల నేనే ఫిల్లర్ను, బొగ్గు ఎత్తెటోన్ని" అన్నాడు. "కొట్టినట్టే యాదికున్నది. మీరు అడగలే గదా."

సాయంత్రం ఆఫీసులో ఆ ముక్కను ప్లాను మీద ఎక్కించి, 60 మీటర్ల గీతను అక్కణ్ణుంచి కొత్తగా గీసి, కింద తేదీ వేసి సంతకం పెట్టా. మేనేజర్ సారు కూడా పెట్టాడు. రెండు రోజులకు పంపులు తీసేశారు. తీసిన పూట కాకను సర్వే ఆఫీసుకు పిలిపించి, పాత ప్లాన్లన్నీ బల్ల మీద పరిచి, చాయ్ తెప్పించా.