బెయిలు మంజూరైనా తమ్ముడు జైల్లోనే: నా అనుభవం

పనికోసం వేరే జిల్లాకు వెళ్లిన మా తమ్ముడిని అక్కడ జరిగిన ఒక దొంగతనం కేసులో అరెస్టు చేశారు. అంతకుముందు అతని మీద ఏ కేసూ లేదు. పోలీసులు అరవై రోజుల గడువులోగానే ఛార్జిషీటు వేయడంతో, గడువు దాటితే హక్కుగా దక్కే డిఫాల్ట్ బెయిలుకు అవకాశం లేకపోయింది. ఆ తర్వాత కోర్టు మామూలు బెయిలు మంజూరు చేసింది. అసలు కష్టం అక్కడే మొదలైంది.

బెయిలు ఉత్తర్వులో ఇద్దరు స్థానిక జామీనుదారులను చూపాలనే షరతు ఉంది. పరాయి జిల్లాలో మాకోసం ఇంటిపన్ను రశీదు తెచ్చి కోర్టులో నిలబడేవారు ఎవరుంటారు? మావాడు గతంలో పనిచేసిన లారీ యజమానిని అడిగాను. ముఖపరిచయం కూడా లేని నా మాట నమ్మి సంతకం చేయడానికి ఆయన జంకారు. అందుకు ఆయనను తప్పుపట్టను. అయితే నేరం రుజువు కాని మనిషి, కోర్టే వెళ్లవచ్చని చెప్పిన తర్వాత కూడా, జామీను దొరకనందుకే నెలల తరబడి లోపల ఉండటం ఏ న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మన జైళ్లలోని ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలేనని 2022 నాటి అధికారిక లెక్కలు చెబుతున్నాయి.

ములాఖత్‌కు వెళ్లినప్పుడు ఒక పారాలీగల్ వాలంటీరు (ఉచిత న్యాయసాయం అందేలా తోడ్పడే కార్యకర్త) కలిసి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టమన్నారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. అలా వచ్చిన న్యాయవాది మా తమ్ముడితో జైల్లో ఏకాంతంగా మాట్లాడి వివరాలు రాసుకున్నారు. విచారణ ఖైదీ తన న్యాయవాదితో మూడో మనిషి లేకుండా మాట్లాడుకోవచ్చనీ, సొంత బట్టలు కట్టుకోవచ్చనీ, తనిఖీకి లోబడి బయటి నుంచి భోజనం తెప్పించుకోవచ్చనీ 1894 నాటి జైళ్ల చట్టంలోనే ఉంది. ఈ సంగతులు మాకు ఆ న్యాయవాది చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు.

మాకు దారి చూపించినవి 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ విషయాన్ని న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. ఖైదీ ఆర్థిక పరిస్థితిపై నివేదిక తయారుచేయించి, షరతులు సడలించమని కోర్టును కోరే వీలు కార్యదర్శికి ఉంటుంది. నెల దాటినా పూచీకత్తు సమర్పించలేకపోతే కోర్టు తనంతట తానే షరతులను పునఃపరిశీలించవచ్చు. స్థానిక జామీను కోసం పట్టుబట్టడం విడుదల ఆలస్యానికి ఒక కారణమని కూడా ఆ ఉత్తర్వు గుర్తించింది. నిజానికి మరో జిల్లా జామీనును తిరస్కరించడాన్ని మోతీరామ్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు తప్పుపట్టింది. అన్నేళ్ల తర్వాత కూడా, షరతులు సడలించమని కోర్టుకు పెట్టిన అర్జీలో మేము అదే మాట రాసుకోవలసి వచ్చింది.

తమ్ముడి బ్యారక్‌లోని ఒక కుర్రాడిది ఇంకో రకమైన చిక్కు. అతని మీద ఉన్నది గరిష్ఠంగా మూడేళ్ల శిక్ష పడే ఒకే ఒక్క కేసు, అదీ మొదటిది. జైల్లో ఏడాది దాటిపోయింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగిలినవారు సగం కాలం జైల్లో గడిపితే విడుదలకు అర్హులవుతారు. మరణశిక్ష లేదా యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. అర్హత వచ్చిన వెంటనే కోర్టుకు దరఖాస్తు పంపవలసిన బాధ్యత సూపరింటెండెంట్‌దే. పాత కేసులకూ ఈ సెక్షన్ వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కుర్రాడి తల్లికి చదువు రాదు కాబట్టి ఆమె తరఫున అర్జీ నేనే రాసి ఇచ్చాను.

మా అర్జీ విచారణకు వచ్చిన రోజున న్యాయవాది మరో వెసులుబాటు కూడా కోరారు: బయటికి వస్తే జామీనుదారులను తానే తెచ్చుకోగలనని ఖైదీ చెప్పినప్పుడు, అందుకోసం కొంతకాలం తాత్కాలిక బెయిలు ఇవ్వవచ్చని అవే మార్గదర్శకాల్లో ఉంది. కోర్టు అంగీకరించింది, స్థానికులే కావాలన్న షరతునూ తొలగించింది. మా ఊరి నుంచి చిన్నాన్న ఒక జామీనుదారుగా వచ్చారు. రెండో సంతకం కోసం తమ్ముడు స్వయంగా ఆ లారీ యజమాని దగ్గరికి వెళ్లాడు. నా మాటకు జంకిన ఆయన, తమ్ముడిని ఎదురుగా చూసి మాట్లాడాక, మర్నాడే కాగితాలు తీసుకుని కోర్టుకు వచ్చారు. కేసు ఇంకా సాక్షుల దశలోనే ఉంది. తమ్ముడు ప్రతి వాయిదాకు హాజరవుతున్నాడు.