వాడేసిన ఇంజిన్ ఆయిల్‌తో డ్రిప్ హీటర్ – నా అనుభవం

డ్రిప్ హీటర్ అంటే పైనున్న ట్యాంకులోంచి ట్యూబు ద్వారా దిగిన ఆయిల్ చుక్క చుక్కగా వేడి పళ్లెం మీద పడి మండే పొయ్యి. కాలిన ఆయిల్‌తో షెడ్డు వెచ్చబెట్టుకోవచ్చని వినగానే అందరూ అడిగేది డ్రమ్ము ఎంత సైజు, గాలి బెజ్జాలు ఎన్ని అని. నేను తయారుచేసి, దాంతో బాగా కుస్తీ పట్టాక చెప్పేదేంటంటే వెల్డింగ్, గ్రైండింగ్ వచ్చినోళ్లకి ఇనుము పని పెద్ద లెక్క కాదు, తిప్పలంతా ఆ పడే చుక్కతోనే. ఆయిల్ ఎంత పడాలో ఒకసారి సెట్ చేసి వదిలేస్తే సరిపోదు, హీటర్ వేడెక్కేకొద్దీ అదే మారిపోతా ఉంటుంది.

ముందు మంట సంగతి. మామూలుగా ఉన్న ఇంజిన్ ఆయిల్‌లో అగ్గిపుల్ల పడేసినా ఆరిపోద్ది, దాదాపు 200 డిగ్రీలు దాటితేగానీ అంటుకునేంత ఆవిరి రాదు, కాలేది ఆ ఆవిరే. కాబట్టి పళ్లెం వేడిగా ఉండాలి, దాని మీద ఆయిల్ కొంచెం కొంచెంగా పడాలి, వచ్చిన ఆవిరికి సరిపడా గాలి అందాలి, ఈ మూడూ కుదిరితేనే మంట శుభ్రంగా ఉంటుంది.

నాది లావు గోడల స్టీలు పైపు బాడీ, అడుగున పళ్లెంగా పాత లారీ బ్రేక్ డ్రమ్ము వాడా, పోత ఇనుము కదా, ఒకసారి వేడెక్కిందంటే తొందరగా చల్లారదు, మంట నిలకడగా ఉండటానికి అదే పెద్ద సాయం. పైనుంచి బెజ్జాలు పెట్టిన గాలి గొట్టం ఒకటి పళ్లెం దగ్గరదాకా దిగుతుంది, దానికి చిన్న బ్లోయర్ తగిలించా. పాత గ్యాస్ సిలిండర్ కోసి బాడీ చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను మాత్రం దాని జోలికి పోలేదు, ఖాళీ అనుకున్న సిలిండర్‌లో మిగిలిపోయిన గ్యాస్ చాలు గ్రైండర్ రవ్వ తగిలితే పేలడానికి. జింకు పూత ఉన్న పైపులు, రేకులు కూడా వద్దు, ఆ వేడికి జింకు పొగ లేస్తుంది, అది పీల్చితే చలీ జ్వరం పట్టుకుంటాయని వెల్డింగ్ చేసేవాళ్లకి తెలుసు.

వెలిగించేటప్పుడు చల్లగా ఉన్న పళ్లెంలో గుడ్డ పేలిక మీద కొంచెం డీజిల్ పోసి అంటించి, పళ్లెం బాగా కాగాకే ఆయిల్ వాల్వ్ తెరుస్తా. పెట్రోల్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు.

మొదట ఎదురైంది నల్ల పొగ. నల్ల పొగ అంటే ఆయిల్ ఎక్కువైంది లేదా గాలి చాల్లేదు, తెల్లగా ఘాటుగా వస్తే పళ్లెం ఇంకా కాగలేదు, ఆవిరి కాలకుండానే పోతోందన్నమాట. నల్ల పొగ రాగానే అందరం చేసేది బ్లోయర్ స్పీడ్ పెంచడం, కానీ బ్లోయర్ మరీ ఎక్కువైతే మంటని చిమ్నీలోకి నెట్టేసి పళ్లేన్ని చల్లారుస్తుంది, అప్పుడు నల్ల పొగ పోయి తెల్ల పొగ మొదలవుతుంది. చివరికి చూస్తే తేడా చిమ్నీలో ఉంది. గోడలోంచి బయటికి తీయడానికి కొంత దూరం అడ్డంగా పోయి రెండు వంపులు తిరిగేది, ఆ అడ్డం ముక్క తీసేసి నిటారుగా పైకప్పు దాటించి కొంచెం ఎత్తు పెంచేసరికి డ్రాఫ్ట్ (చిమ్నీ పొగని పైకి లాగే ఊపు) బాగా లాగడం మొదలెట్టింది, బ్లోయర్ సగానికి తగ్గించినా పొగ లేదు. అందుకే బెజ్జాల లెక్కలకంటే ముందు చిమ్నీ చూడమంటాను.

ఇక చుక్క. చల్లగా ఉన్న ఆయిల్ చిక్కగా ఉంటుంది, వెచ్చబడితే పలచబడుతుంది, అందరికీ తెలిసిందే, కానీ హీటర్ మీద దీని ప్రభావం ఎంతో దగ్గరుండి చూస్తేగానీ నమ్మలేం. వెలిగించినప్పుడు వాల్వ్ సెట్ చేస్తే చక్కగా మండేది, కాసేపయ్యాక షెడ్డు వెచ్చబడి ట్యాంకు, కాపర్ ట్యూబు కూడా కాగేసరికి అదే వాల్వ్‌లోంచి ఆయిల్ చాలా ఎక్కువ దిగేది, ఎక్కువ దిగితే మంట పెరిగేది, మంట పెరిగితే ట్యూబు ఇంకా కాగేది, అలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోయి బాడీ ఎర్రబడేదాకా వెళ్లేది. నిజంగా భయపడాల్సిన విషయం ఇదే. వాల్వ్‌ని హీటర్ దగ్గర్నుంచి తీసేసి దూరంగా ట్యాంకు కిందే పెట్టా, బాల్ వాల్వ్‌కి తోడు, ధారని కొంచెం కొంచెంగా అదుపు చేసే నీడిల్ వాల్వ్ వేశా (బాల్ వాల్వ్ పూర్తిగా మూయడానికి మంచిదేగానీ సన్న ధారని అదుపు చేయలేదు, అందుకే రెండూ ఉంచా), ట్యూబుని బాడీకి దూరంగా తిప్పా. ఇప్పటికీ అరగంట కాగాక వాల్వ్ మళ్లీ కొంచెం బిగిస్తా, ఆ తర్వాతే నిలకడ.

చుక్కలు లెక్కపెట్టే అలవాటు కూడా మానేశా. ఆయిల్ వెచ్చబడితే చుక్క సైజు కూడా మారుతుంది, పైగా గంటకి అర లీటరు కాలాలంటే నిమిషానికి 8 ఎంఎల్ పైనే పడాలి, ఆ వేగంలో చుక్కలు లెక్కకి అందవు. వెలిగించకముందే కొలత గ్లాసు పెట్టి ఒక నిమిషం పట్టి చూస్తే ఖాయంగా తెలుస్తుంది. లీటరు ఆయిల్‌లో దాదాపు 10 యూనిట్ల కరెంటుకి సమానమైన శక్తి ఉంటుంది, అంటే గంటకి అర లీటరు అంటే 5 కిలోవాట్లు, అందులో కొంత చిమ్నీలోంచి పోయేదే అనుకోండి.

పళ్లెంలో చిటపటలు, అప్పుడప్పుడూ చిన్న టపాకాయ పేలినట్టు శబ్దం వచ్చిందంటే ఆయిల్‌లో నీళ్లున్నట్టే. నీళ్లు ఆవిరయితే దాదాపు 1,700 రెట్లు పెరుగుతాయి, కాగిన పళ్లెం మీద అలా జరిగితే కాలుతున్న ఆయిల్ ఎగిరి పడుతుంది. ఆయిల్‌ని కదలకుండా కొన్ని వారాలు ఉంచితే నీళ్లు, మడ్డి అడుక్కి దిగుతాయి, అందుకే పెద్ద డ్రమ్ములో పైపు అడుగున కాకుండా కొంచెం పైకి పెట్టి పైన తేరిన ఆయిలే తీసుకుంటా, ఆపైన సన్నటి జాలీలో వడగడతా. నమ్మకం లేకపోతే ఒక చుక్క వేడి ఇనుము మీద వేస్తే చాలు, చిటపటమంటే ఇంకొన్నాళ్లు ఆగాలి.

ఇంకో తలనొప్పి, ట్యూబు కొసన ఆయిల్ మాడి బొగ్గయి మూసుకుపోవడం. కొస మంటలో ఉంటే ఎంత లావు ట్యూబైనా ఇదే గతి. కొసని గాలి గొట్టం నోటి దగ్గరే ఆపేశా, అక్కడ బ్లోయర్ గాలి దాన్ని చల్లగా ఉంచుతుంది, చుక్క కిందికి పడటం కంటికి కూడా కనిపిస్తుంది.

కరెంటు పోతే ఏంటన్నది చాలామంది ఆలోచించరు. బ్లోయర్ ఆగిపోతుంది, ఆయిల్ మాత్రం తన బరువుతో తాను దిగుతూనే ఉంటుంది. బ్లోయర్ లైన్ మీదే ఒక సోలినాయిడ్ వాల్వ్ పెట్టా, కరెంటు ఉంటేనే తెరుచుకునే రకం, కరెంటు పోగానే ఆయిల్ కట్. మంట దానంతటదే ఆరిపోతే ఆయిల్ కట్టేసి పూర్తిగా చల్లారేదాకా ఆగుతా, వేడి పళ్లెంలోంచి లేచిన ఆవిరి బాడీ నిండా ఉన్నప్పుడు నిప్పు చూపిస్తే ముఖం మీద పేలుతుంది. పక్కన డ్రై పౌడర్ ఎక్స్‌టింగ్విషర్, ఇసక బకెట్టు ఉంటాయి, నీళ్లు మాత్రం వాడకూడదు. షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టా, దానికి వాసనా రంగూ ఉండవు కాబట్టి మన ముక్కుని నమ్ముకోలేం.

అన్ని ఆయిళ్లూ పనికిరావు. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో పీసీబీలు (క్లోరిన్ ఉన్న విషపు రసాయనాలు) ఉండొచ్చు, క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు కలిసిన ఆయిల్ కాలిస్తే విషపు వాయువులొస్తాయి, ఎక్కడినుంచి వచ్చిందో తెలియని డబ్బా నేను తీసుకోను. పళ్లెంలో మిగిలే బూడిదలో లోహాలు ఉంటాయి, మాస్కు పెట్టుకుని, చల్లారాక గీకి, మూత డబ్బాలో వేస్తా. చాలా దేశాల్లో కాలిన ఆయిల్ మండించడానికి రూల్స్ ఉన్నాయి, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు, ఇనుము కొనకముందే కనుక్కోండి.

ఇంకా సరిచేయాల్సింది ఒకటుంది. ట్యాంకులో మట్టం తగ్గేకొద్దీ ఒత్తిడి తగ్గి చుక్క కూడా నెమ్మదిస్తోంది. మధ్యలో ఫ్లోట్ ఉన్న చిన్న ట్యాంకు పెడితే మట్టం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, దాని కోసం ఆయిల్‌కి తట్టుకునే ఫ్లోట్ వాల్వ్ చూస్తున్నా.