ఊగే శృతి: బోర్డ్స్ ఆఫ్ కెనడా, ఒక పాత టేప్ డెక్

ఒకప్పుడు సినిమాకు ముందు హాల్లో వేసిన ఫిల్మ్స్ డివిజన్ న్యూస్‌రీల్ చూసినవాళ్లకు ఎలక్ట్రానిక్ సంగీత జంట బోర్డ్స్ ఆఫ్ కెనడా సంగీతం కొత్తగా అనిపించదు. అరిగిన ప్రింటు, వెనక కాస్త ఊగుతూ వచ్చే బాణీ. పేరులో కెనడా ఉన్నా మైఖేల్ శాండిసన్, మార్కస్ ఇయోన్ స్కాట్లండ్ అన్నదమ్ములు. చిన్నప్పుడు కొంతకాలం కెనడాలో ఉన్నారు. పేరేమో అక్కడి నేషనల్ ఫిల్మ్ బోర్డ్ నుంచి తెచ్చుకున్నారు.

1995లో ‘ట్వోయిజం’ రికార్డును కొద్ది కాపీలతో సొంతంగా తెచ్చారు. 1996లో స్కామ్ లేబుల్‌పై ‘హై స్కోర్స్’ వచ్చింది. 1998లో వార్ప్, స్కామ్ లేబుళ్లు కలిసి తెచ్చిన ‘మ్యూజిక్ హ్యాజ్ ద రైట్ టు చిల్డ్రన్’తో పేరొచ్చింది. 2002 నాటి ‘జియోగాడి’ సరిగ్గా 66 నిమిషాల 6 సెకన్లు. చివరి ట్రాక్ మొత్తం నిశ్శబ్దమే, సీడీ పాడైందనుకోకండి. (క్యాసెట్‌లోకి ఎక్కించాలంటే సీ-60 చాలదు, సీ-90 కావాలి.) 2005లో ‘ద క్యాంప్‌ఫైర్ హెడ్‌ఫేజ్’లో గిటార్లు ముందుకొచ్చాయి. తర్వాతి ఆల్బమ్ ‘టుమారోస్ హార్వెస్ట్’కు ఎనిమిదేళ్లు పట్టింది. 2013లో దాని ప్రచారం ఆరేసి అంకెలున్న ఆరు గుంపులతో సాగింది. ఒక్కో గుంపూ ఒక్కోచోట దొరికేలా పెట్టి, అభిమానుల చేతే ఏరించారు.

వీళ్లను అనుకరించే చాలామంది టేప్ ‘హిస్’ (వెనక వినిపించే బుస శబ్దం) కలిపేసి ఊరుకుంటారు. అసలు సంగతి హిస్‌లో లేదు, శృతిలో ఉంది. గమకంలో స్వరం ఎటు కదలాలో పాడేవాడికి తెలుసు. ఇక్కడ కదలిక టేప్ యంత్రానిది. అందుకే తెలిసిన స్వరం కూడా సగం మరిచిపోయినట్టు వినిపిస్తుంది.

ఈ ఊగే శృతిని కంప్యూటర్‌లో చేయాలంటే సింథసైజర్ పిచ్‌కు రెండు ఎల్‌ఎఫ్‌ఓలు (పిచ్‌ను నెమ్మదిగా పైకీ కిందకీ ఊపే తరంగాలు) తగిలించండి. ఒకటి 0.4 హెర్ట్జ్, రెండోది 0.7 హెర్ట్జ్, టెంపోతో ముడిపెట్టకుండా. ఊపు 10 నుంచి 15 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) చాలు. 40 దాటితే శృతి తప్పినట్టే ఉంటుంది. బేస్‌ను మాత్రం కదిలించకండి, అది కూడా ఊగితే పాటకు నేల ఉండదు.

నిజమైన టేపే కావాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో పాత క్యాసెట్ డెక్ వెతకండి. లైన్-ఇన్ (వేరే యంత్రం నుంచి శబ్దం తీసుకునే సాకెట్) ఉందో లేదో ముందు చూడండి. టూ-ఇన్-వన్‌లలో చాలావాటికి మైక్ ఇన్‌పుట్ ఒక్కటే ఉంటుంది, ల్యాప్‌టాప్ సిగ్నల్ నేరుగా ఇస్తే గరగరమంటుంది. 3.5 ఎంఎం నుంచి రెండు ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు) పిన్నులకు వెళ్లే కేబుల్ కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. టేప్‌ను చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాకే టేప్ పెట్టండి. సాగిన బెల్టును ఎఫెక్ట్ అనుకుని వదిలేయొద్దు. అది జారితే చుట్టుకునే రీలు ఆగిపోయి, డెక్ టేప్‌ను నమిలేస్తుంది. పెన్సిల్‌తో తిప్పుకునే రోజులు మళ్లీ వచ్చినట్టే!

రికార్డింగ్‌లో మీటర్ సున్నా దగ్గర, గట్టి చోట్ల +3 వరకు ఆడనివ్వండి. అంతకు మించితే ముందు పోయేది పై స్వరాల మెరుపే. వెనక మంద్రంగా ‘బుయ్’మంటే అది కరెంటు లైను తెచ్చే 50 హెర్ట్జ్ హమ్. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, చాలాసార్లు దాంతోనే పోతుంది.

అందరూ బోల్తా పడేది తిరిగి కంప్యూటర్‌లోకి తెచ్చాకే. డెక్ వేగంలో 1 శాతం తేడా ఉన్నా మూడు నిమిషాల పాటలో 1.8 సెకన్లు జరిగిపోతుంది, డ్రమ్స్‌తో కలవదు. అందుకే కార్డ్స్‌ను (కలిపి మోగించే స్వరాలను) ఎనిమిదేసి బార్ల (తాళం ఆవర్తనాల్లాంటివి) ముక్కలుగా రికార్డ్ చేసి, ఒక్కో ముక్కనూ మొదటి దెబ్బ దగ్గర పెట్టాలి. డ్రమ్స్‌ను టేప్‌కు పంపకుండా ఉంచితే దిద్దుబాటు సగం తగ్గుతుంది.

వానాకాలం దాటిన పాత క్యాసెట్ల అంచుల్లో తెల్లటి బూజు కనిపిస్తే వాటిని డెక్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్‌కు కూడా పాకుతుంది.