గుర్రం ఊళ్లోకి రాగానే నల్ల తెర: నాలుగు వారాల లాగ్

మే 4

ఏప్రిల్ చివర్లో పీసీని కొత్త క్యాబినెట్‌లోకి మార్చాను. పక్కన గాజు పలక, లోపల లైట్లు. గ్రాఫిక్స్ కార్డును మామూలుగా పడుకోబెట్టకుండా, ఫ్యాన్లు బయటికి కనిపించేలా నిలువుగా బిగించాను. ఇంటికొచ్చిన వాళ్లంతా ఒకసారి వంగి చూసి బాగుందన్నారు. చేయి ఊరుకోక అదే రోజు గ్రాఫిక్స్ డ్రైవర్ (కార్డును విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) కూడా అప్‌డేట్ చేశాను. ఒకే రోజు రెండు మార్పులు. ఆ తర్వాత పడ్డ తిప్పల్లో సగం దీనివల్లే.

గుర్రం మీద తిరిగే ఓపెన్ వరల్డ్ గేమ్ ఒకటి ఆడుతున్నాను. ఊళ్లోకి దౌడు తీస్తుంటే బొమ్మ బిగుసుకుపోతుంది. గిట్టల చప్పుడు మాత్రం ఇంకో రెండు సెకన్లు వినిపిస్తుంది. తర్వాత నల్ల తెర, ఆ తర్వాత డెస్క్‌టాప్. మధ్యలో చిన్న డబ్బాలో, గ్రాఫిక్స్ డివైస్‌ను తీసేశారని మెసేజ్. గాజులోంచి చూస్తే కార్డు అక్కడే ఉంది, ఫ్యాన్లు నిశ్చింతగా తిరుగుతున్నాయి.

ఈవెంట్ వ్యూయర్‌లో, అంటే విండోస్ రాసుకునే లాగ్‌లో, డిస్‌ప్లే పేరుతో 4101 నంబర్ కనిపించింది. డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసింది, మళ్లీ కోలుకుంది అని దాని అర్థం. విండోస్ విస్టా నుంచీ ఈ ఏర్పాటు ఉంది. కార్డుకు ఇచ్చిన పని రెండు సెకన్లలో కదలకపోతే విండోస్ ఓపిక పట్టదు, డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది. రీసెట్ కుదిరితే 4101, కుదరకపోతే బ్లూ స్క్రీన్. పడిపోయింది ఎవరో ఇందులో తెలుస్తుంది గానీ, తోసింది ఎవరో తెలియదు. ఆ రోజు నాకు ఇంత తట్టలేదు. డ్రైవర్ అని రాసి ఉంది కదా, డ్రైవరే అనుకున్నాను.

మే 5

డీడీయూ, అంటే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో ఉన్న డ్రైవర్‌ను వేళ్లతో సహా పీకేశాను. చేసేవాళ్లు వరుస తప్పొద్దు. వేయబోయే డ్రైవర్ ఫైల్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. తర్వాత నెట్ కేబుల్ పీకేయాలి, వైఫై ఆపాలి. లేకపోతే మనం ఒకటి తీసేలోపు విండోస్ అప్‌డేట్ దాని దగ్గరున్న ఇంకొకటి తెచ్చి పెట్టేస్తుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొడితే సేఫ్ మోడ్‌కు దారి దొరుకుతుంది. అక్కడ క్లీన్ చేసి, మామూలుగా బూట్ అయ్యాక డ్రైవర్ వేసి, ఇంకో రీస్టార్ట్ ఇచ్చాక నెట్ పెట్టాలి. నేను మార్చిలో బాగా నడిచిన పాత వెర్షన్ వేశాను.

మే 8

రెండు రోజులు ఒక్క క్రాష్ కూడా లేదు. సమస్య తీరిపోయిందని అందరికీ చెప్పుకున్నాను కూడా. ఇవాళ గుర్రం ఎక్కిన పావుగంటకే మళ్లీ నల్ల తెర. ఆలోచిస్తే, ఆ రెండు రోజులూ ఇంట్లో చుట్టాలు. పీసీ మీద మా అన్నయ్య కొడుకు పాత క్రికెట్ గేమ్ ఆడాడు, అంతే. ఆ గేమ్‌కు ఈ కార్డు నిద్రలో కూడా పనిచేసి పెడుతుంది.

బావమరిదికి ఫోన్ చేస్తే మొదటి మాటే, “డ్రైవర్ అప్‌డేట్ కొట్టావా బావా?”

మే 9, 10

హైదరాబాద్ మే నెల, నా గదిలో ఏసీ లేదు. వేడి మీద అనుమానం రావడం సహజం. పీసీ లోపలి కొలతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో పెట్టి చూశాను. కార్డు 72 డిగ్రీలు, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) 85. ఈ ఎండలకు ఇది మంచి మార్కే.

తర్వాత కరెంటు. మా కాలనీలో సాయంత్రమైతే వోల్టేజీ ఊగుతుంది, దాని మీద నేరం మోపడం సులువు. కానీ బయటి కరెంటు కిందికి జారితే పీసీ మొత్తం ఆగి రీస్టార్ట్ అవుతుంది, లాగ్‌లో కెర్నల్-పవర్ 41 (పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందనే గుర్తు) పడుతుంది. నా దగ్గర అది ఒక్కటీ లేదు. పీసీ పవర్ సప్లై ఇచ్చే 12 వోల్ట్ లైన్ లోడ్‌లో 11.9 దగ్గర నిలబడింది. అయిదు శాతం అటూ ఇటూ, అంటే 11.4 నుంచి 12.6 దాకా పర్వాలేదు. కార్డుకు రెండు 8 పిన్ సాకెట్లు ఉన్నాయి. ఒక్కోటి 150 వాట్లకు లెక్క, మదర్‌బోర్డు స్లాట్ నుంచి ఇంకో 75. నేను ఒకే కేబుల్‌కున్న రెండు కొసలతో రెండింటినీ పెట్టాను. అది మంచి పద్ధతి కాదు, విడివిడిగా రెండు కేబుళ్లు వేశాను. క్రాష్ మాత్రం ఆగలేదు.

కార్డును పూర్తి లోడ్‌లో పరీక్షించే ఫర్‌మార్క్ అరగంట నడిపాను. గది పొయ్యిలా అయింది గానీ కార్డు చెక్కు చెదరలేదు. ర్యామ్ మీద అనుమానంతో బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, ఆఫ్ చేశాను. రాత్రి పదిన్నరకు మళ్లీ క్రాష్.

మే 11

ఎవరో చెప్పిన చిట్కా: రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టికలో) గ్రాఫిక్స్‌డ్రైవర్స్ కింద టీడీఆర్‌డిలే అని ఒక విలువ పెట్టి, ఆ రెండు సెకన్లను పది చేయమన్నారు. చేశాను. ఇప్పుడు తెర రెండు సెకన్లకు బదులు పది సెకన్లు బిగుసుకుని, ఆ తర్వాత అదే క్రాష్. ఆ మీటలు డ్రైవర్లు రాసేవాళ్ల పరీక్షల కోసం, మామూలు వాడకందార్లు ముట్టుకోవద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది. తీసేశాను.

మే 14

రఫ్ నోట్‌బుక్‌లో క్రాష్ అయిన ప్రతిసారీ టైమ్, గేమ్‌లో ఎక్కడున్నానో రాస్తున్నాను. ఇవాళ ఆ పేజీ చూస్తుంటే ఒకటి కొట్టొచ్చినట్టు కనబడింది. తొమ్మిది క్రాషుల్లో ఎనిమిది ఊళ్లోకి వస్తున్నప్పుడే. అడవిలో గంటన్నర తిరిగినా ఏమీ కాలేదు.

ఊళ్లో బరువెక్కువ అనుకుందామంటే, అడవిలోనే కార్డు ఎక్కువ వాట్లు తాగుతోంది. తేడా వేరే చోట ఉంది. ఊళ్లోకి రాగానే ఇళ్లు, అంగళ్లు, మనుషులు, వాళ్ల బట్టలు అన్నీ ఒక్కసారిగా కార్డు మెమరీలోకి రావాలి. అదంతా మదర్‌బోర్డు నుంచి పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలోనే వస్తుంది. ఫర్‌మార్క్‌లో బొచ్చు ఉంగరం ఒక్కటే గిర్రున తిరుగుతుంది. కార్డు చెమటోడుస్తుంది గానీ దారిలో రాకపోకలు దాదాపు ఉండవు. అరగంట పరీక్షలో నేను దారిని పరీక్షించనే లేదన్నమాట.

మే 15

ఈవెంట్ వ్యూయర్‌లో ఇన్నాళ్లూ డిస్‌ప్లే అని ఫిల్టర్ పెట్టుకుని చూస్తున్నాను. ఫిల్టర్ తీసేశాను. సిస్టమ్ లాగ్ నిండా పసుపు త్రికోణాలు. వీ-లాగర్ (WHEA-Logger, విండోస్‌లో హార్డ్‌వేర్ లోపాలు రాసిపెట్టే భాగం), ఈవెంట్ 17. సరిదిద్దిన హార్డ్‌వేర్ లోపం, భాగం: పీసీఐ ఎక్స్‌ప్రెస్ రూట్ పోర్ట్, అంటే ఆ దారికి బోర్డు వైపు కొస. ఒక్క సాయంత్రానికి రెండు వందల పైన. క్రాష్‌కు ముందు నిమిషంలో జాతరలా గుంపుగా ఉన్నాయి.

సరిదిద్దిన లోపమంటే, డేటా చెడిపోయి వచ్చింది, మళ్లీ పంపమంటే సరిగ్గా వచ్చింది అని. ఒకటో రెండో అయితే ఎవరికీ తెలియదు. వందల్లో వస్తుంటే ఎప్పుడో ఒకసారి మళ్లీ పంపినా కుదరదు. కార్డు ఎదురుచూస్తుంది, రెండు సెకన్లు దాటుతాయి, విండోస్ డ్రైవర్‌ను తన్నేస్తుంది.

కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య నా కొత్త క్యాబినెట్‌లో ఉన్నది ఒక్కటే, రైజర్ కేబుల్. కార్డు నిలువుగా నిలబడాలంటే ఆ పట్టీ ఉండాల్సిందే.

మే 16

కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ తెరిచాను. బస్ ఇంటర్‌ఫేస్ గడిలో 4.0 (పీసీఐ ఎక్స్‌ప్రెస్ నాలుగో తరం) అని, పక్కన ప్రస్తుతం 1.1 అని ఉంది. కంగారు పడక్కర్లేదు, పని లేనప్పుడు కార్డు కరెంటు ఆదా కోసం లింక్ వేగం తగ్గించుకుంటుంది. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ పెడితే 4.0కి ఎక్కింది. పగలంతా ఎక్సెల్ షీట్లు, వీడియోలు ఏ తేడా లేకుండా నడవడానికి కారణం కూడా ఇదే. 4.0 వేగానికి ఎక్కేది గేమ్ పెట్టినప్పుడే.

పీసీ ఆపి, ప్లగ్ తీసి, టార్చ్ వేసి చూశాను. రైజర్ పట్టీ మడత దగ్గర, కార్డు నీడలో, గోరంత అక్షరాలు: 3.0. మూడో తరం ఒక్కో లేన్‌కు (ఆ దారిలోని ఒక్కో వరుసకు) సెకనుకు 8 గిగా ట్రాన్స్‌ఫర్లు, నాలుగో తరం 16. కార్డు, బోర్డు రెండూ నాలుగో తరానివి కాబట్టి బూట్‌లో మాట్లాడుకుని 16కి ఒప్పుకుంటాయి. మధ్యలో ఉన్న కేబుల్‌ను ఎవరూ అడగరు, తనకు చేతకాదని చెప్పే నోరు దానికి లేదు.

బయోస్‌లో మొదటి స్లాట్ స్పీడ్‌ను ఆటో నుంచి జెన్ 3కి, అంటే మూడో తరానికి, మార్చాను. అంతే. ఒక్క రూపాయి ఖర్చు లేదు. రైజర్ తేడా వల్ల అసలు డిస్‌ప్లేనే రాకపోతే, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉన్నవాళ్లు మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి బయోస్‌లోకి వెళ్లొచ్చు. అది లేనివాళ్లు కార్డును తాత్కాలికంగా నేరుగా స్లాట్‌లో గుచ్చి ఈ సెట్టింగ్ మార్చుకోవాలి.

మే 27

పదకొండు రోజులు, రోజూ గంట తక్కువ కాకుండా ఆడాను. క్రాష్ సున్నా. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వీ లోపాల లెక్క కూడా సున్నా. గేమ్ బెంచ్‌మార్క్‌లో ముందు 94 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు), ఇప్పుడు 93. నా కార్డు 16 లేన్లూ వాడుకుంటుంది కాబట్టి నష్టం ఇంతే. నాలుగు లేన్లే ఉన్న చవక కార్డులకు జెన్ 3 గట్టిగానే తగులుతుంది, వాళ్లు కేబుల్ మార్చుకోవడమే మేలు.

జూన్ 1

అయినా మనసు ఊరుకోలేదు. నేరం నిజంగా కేబుల్‌దేనా? రైజర్ తీసేసి కార్డును మామూలుగా స్లాట్‌లో గుచ్చి, బయోస్‌లో మళ్లీ ఆటో పెట్టాను. జీపీయూ-జెడ్‌లో లోడ్‌లో 4.0. ఊళ్లోకి గుర్రం మీద నలభై సార్లు వెళ్లొచ్చాను, లెక్కపెట్టి మరీ. ఒక్క త్రికోణం లేదు. డ్రైవర్ కూడా మే 5న తిట్టుకుంటూ పీకేసిన ఆ కొత్త వెర్షనే మళ్లీ వేశాను, అదీ హాయిగా నడుస్తోంది.

ఇప్పుడు గాజులోంచి చూస్తే కార్డు వీపు తప్ప ఏమీ కనిపించదు. ఫ్యాన్లు కిందికి తిరిగి ఉన్నాయి. అన్నయ్య కొడుకు వచ్చి, “బాబాయ్, లైట్లు పోయాయేంటి?” అన్నాడు. ఫోర్త్ జెన్ రైజర్ ధర అడిగితే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో చెప్పిన రేటుకు ఇంకో ఎస్‌ఎస్‌డీ వస్తుంది. వద్దనుకున్నాను.

జూన్ 2

టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూస్తే ర్యామ్ స్పీడ్ 2133 అని ఉంది. 3200 ర్యామ్ కొన్నది నేనే. మే 10న ఆఫ్ చేసిన ఎక్స్‌ఎంపీని మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయాను, నోట్‌బుక్‌లో కూడా రాసుకోలేదు. 94, 93 రెండు లెక్కలూ ఆ నత్తనడక ర్యామ్ మీద తీసినవే. ఇప్పుడే ఆన్ చేశాను. రాత్రి భోజనాలయ్యాక మళ్లీ ఆ ఊరికి ఇరవై సార్లు వెళ్లి రావాలి.