సున్నం సందుల్లో సిమెంటు

పదకొండు దాటింది. చిన్నది పడుకుంది, అమ్మతో ఫోనూ అయింది. నాకే నిద్ర పట్టట్లేదు. పొద్దున చూసిన ఆ గోడ కళ్ళముందు నుంచి కదలట్లేదు.

అదే, వాలంటీర్ల పాత ఫైర్ స్టేషన్. ముందు గోడంతా కొత్తగా బూడిదరంగు సిమెంటు పాయింటింగ్, అంటే ఇటుకల మధ్య సందుల్ని సిమెంటుతో పూడ్చారు. సందుల్లోని పాత సున్నాన్ని గ్రైండర్ పెట్టి తవ్వారు. నిలువు సందులు పొట్టివి కదా, బిళ్ళ ఆగక పై ఇటుకా కింది ఇటుకా కూడా కోసుకుపోయాయి. దగ్గరికెళ్తే ప్రతి వరసలోనూ ఆ గాట్లే.

ఆ కాలపు ఇటుక మెత్తన. దాని మధ్య ఉండే సున్నం అంతకన్నా మెత్తగా ఉండాలి. గోడలోకి దిగిన తడి సందుల్లోంచే బయటికి ఆరిపోవాలి. సిమెంటుతో బిగిస్తే ఆ తడికి ఇక ఇటుకే దారి. వర్జీనియా చలికి లోపలి నీళ్ళు గడ్డకట్టి ఉబ్బుతాయి, ఇటుక పెచ్చులూడుతుంది. బాగా కాలిన పైపొర పోయాక లోపలి భాగం ఇంకా ఎక్కువ నీళ్ళు తాగుతుంది. సందు మాత్రం చెక్కుచెదరదు. ఇటుక అరిగి, సిమెంటు గళ్ళు మిగులుతాయి.

పని ఎలా చేయాలో తెలియక కాదు. సందు వెడల్పుకి కనీసం రెండు, రెండున్నర రెట్ల లోతు ఉలితో తీయాలి. దుమ్ము కడిగి, గోడ తడిపి, సున్నం, ఇసుక కలిపి పావంగుళం పొరలుగా కూరాలి. బొటనవేలితో నొక్కితే ముద్ర మాత్రం పడేంత గట్టిపడ్డాకే పై పొర. తడి గోనె కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి. మన దగ్గర గానుగ సున్నంతో పనిచేసిన మేస్త్రీలకి ఇది కొత్తేమీ కాదు.

ఇదే వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో ఉన్న పాత ఫైర్ స్టేషన్, ఫ్రెండ్‌షిప్ ఫైర్‌హౌస్ గుర్తొస్తోంది. కంపెనీ, అంటే మంటలార్పే వాలంటీర్ల బృందం, 1774 నాటిది, ఇప్పుడున్న భవనం 1855లో కట్టింది. జార్జ్ వాషింగ్టన్‌కి ఈ కంపెనీతో సంబంధం ఉందని చెప్పుకుంటారు, రుజువు లేదు. నాకా కథ అక్కర్లేదు, కింది గదిలోని చేతి ఇంజన్లు చాలు. తొట్టి, రెండు పక్కలా పొడవాటి కర్రలు, వాటిని పట్టుకుని పైకీ కిందికీ కొట్టే మనుషులు. ఇలాంటి ఇంజన్లలో రెండు పిస్టన్లుంటాయి, ఒకటి తోస్తుంటే ఇంకోటి పీల్చుకుంటుంది. మధ్యలో గాలి గది. నీళ్ళు అందులోని గాలిని నొక్కితే ఆ గాలి తిరిగి నీళ్ళని నొక్కుతుంది, అందుకే ధార ఆగి ఆగి కాకుండా ఒకే పోతగా వస్తుంది. కొట్టేవాళ్ళు కొద్ది నిమిషాలకే అలిసిపోతారు, పక్కవాళ్ళు అందుకోవాలి. తోలు గొట్టాలైతే మొదట్లో దారంతో కుట్టేవారు, ఒత్తిడికి కుట్టు విడిపోయేది. 1800ల తొలినాళ్ళలో ఫిలడెల్ఫియాలో రాగి రివెట్లు వేశాక నిలిచాయి. మంట ఆరాక కూడా పని అయ్యేది కాదు. గొట్టం కడగాలి, నీళ్ళు వంచాలి, కొవ్వు పట్టించాలి, లేకపోతే తోలు ఎండి పగులుతుంది. ఇదంతా జీతం లేకుండా.

మేడమీద సమావేశాల గది, ఊరేగింపు దుస్తులు, జెండాలు. భవనంలో సగం మంటకి, సగం మనుషులకి.

పొద్దున చూసిన స్టేషన్ నుంచి ఫైర్ ఇంజన్ బండ్లు తీసేసినందుకు కూడా తిడదామనే రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే అది సరైన పనే. నేటి ఇంజన్ వెడల్పే ఎనిమిది అడుగుల పైన, అద్దాలతో కలిపితే పది దాకా. బరువు 18 టన్నుల దరిదాపు. వాటిని ఇక్కడే ఉంచాలంటే తలుపు మీది ఇటుక కమాను కొట్టేయాలి, నేలంతా తవ్విపోయాలి. బండ్లు వెళ్ళాయి కాబట్టే కమాను మిగిలింది. ఆ కోపం వెనక్కి తీసుకుంటున్నా. సిమెంటు మీదది తీసుకోను.

ఇప్పుడు దాన్ని పెకిలించబోతే ఇటుక అంచులు కూడా ఊడొస్తాయి. వదులైన చోట్ల మాత్రమే తీయించి, మిగతాది దానంతటది వదులయ్యేదాకా ఆగాలి. పక్క గోడ ఇంకా ముట్టుకోలేదు. అందులోంచి పాత సున్నం చిన్న ముక్క తీసి పరీక్షకి పంపమని రేపు పొద్దున్నే రాయాలి. ఆసిడ్‌లో వేస్తే సున్నం కరిగి ఇసుక మిగులుతుంది, దాని రంగూ గింజ సైజూ చూసి కొత్త ఇసుక తెచ్చుకోవచ్చు.