క్షీరసాగర మథన దీపపెట్టె: పని ఎంతవరకు వచ్చింది

క్షీరసాగర మథన ఘట్టాన్ని కాగితపు పొరలతోను, వాటి వెనుక కదిలే కాంతితోను చూపే దీపపెట్టెలో కత్తిరింపులు, వైరింగ్ పూర్తయ్యాయి; కాంతి నడకకు రాసిన ప్రోగ్రాం మాత్రం ఇంకా దిద్దుబాట్లలోనే ఉంది. పెట్టె వెడల్పు 60, ఎత్తు 40 సెంటీమీటర్లు. లోపల 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) తెల్ల కాగితపు పొరలు ఏడు ఉన్నాయి; పొరకూ పొరకూ నడుమ 5 మిల్లీమీటర్ల ఫోమ్‌బోర్డు పట్టీలు అతికించాను. కాంతి వెనుక నుంచి వస్తుంది కనుక వెనుక పొరలు వెలుగుగా, ముందు పొరలు నీడగా కనిపించి లోతు దానంతటదే ఏర్పడుతుంది.

కూర్పు విషయంలో భాగవతం అష్టమ స్కంధంలోని ఒక వివరం దారి చూపింది. దేవతలు మొదట వాసుకి తల వైపు నిలబడగా, తోక పట్టడం తమకు తగదని రాక్షసులు పట్టుబట్టి తల వైపును దక్కించుకున్నారు. తీరా చిలకడం మొదలయ్యాక పాము ముఖాల నుంచి వెలువడిన మంటలు, పొగ వారినే మాడ్చాయి, దేవతల మీద మాత్రం మేఘాలు వాన కురిపించాయి. రంగుల విభజన కథలోనే ఉందన్నమాట: తల వైపు ఎరుపు, నారింజ, తోక వైపు చల్లని లేతనీలం. చిత్రాలు తయారుచేసే ఏఐ సాధనంతో ముందు కొన్ని నమూనాలు తీయించి చూశాను. కిరీటాలు ధగధగలాడాయి గాని, ఒక్క చేయి కూడా పామును బిగించి పట్టలేదు. తాడు లాగే మనిషి ఒంట్లో ఉండే వెనుక వాలు ఎక్కడా లేదు. అందుకే బొమ్మలన్నీ క్రిటా అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లో చేత్తోనే గీసి, ఇంక్‌స్కేప్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో లేజర్ యంత్రం అనుసరించగల వెక్టర్ గీతలుగా మార్చి లేజర్ కటింగ్ చేయించాను.

చట్రానికి ఎక్కడో ఒకచోట అంటుకొని లేని ముక్క ఏదైనా కత్తిరించగానే రాలిపోతుంది. ఇంతమంది దేవతలను, రాక్షసులను గాలిలో నిలబెట్టడం ఎలాగన్న చిక్కును వాసుకే తీర్చాడు: ఎడమ చట్రం దగ్గర మొదలై, మందర పర్వతాన్ని చుట్టి, కుడి చట్రం దాకా సాగే పామును బొమ్మలన్నీ చేతులతో పట్టుకొని ఉంటాయి. పిడికిలి దగ్గర కనీసం 3 మిల్లీమీటర్ల కాగితం మిగిల్చాను. అంతకన్నా సన్నమైతే లేజర్ వేడికి అంచు గోధుమరంగుకు తిరిగి మెలిపడుతుంది. కూర్మాన్ని అడుగు చట్రంలోనే కలిపేశాను.

పాము పొరలో పొలుసుల ఆకారంలో చిల్లులున్నాయి. వాటి వెనుక మీటరుకు 60 దీపాలుండే డబ్ల్యూఎస్ 2812బి పట్టీ (ఒక్కో దీపం రంగును విడిగా మార్చగల ఎల్‌ఈడీ పట్టీ) ఉంది. ఆ పట్టీ పక్కలకు వంగదు కాబట్టి, గుర్తులున్న చోట ఐదేసి దీపాల ముక్కలుగా కోసి, బాణం గుర్తులన్నీ ఒకే దిశలో ఉండేలా వైర్లతో టంకం వేశాను. దీపాల మధ్య దూరం దాదాపు 17 మిల్లీమీటర్లు. ట్రేసింగ్ పేపరును 20 మిల్లీమీటర్ల ఎడంగా పెడితే చుక్కలు కలిసిపోయి ఒకే వెలుగుగా కనిపించాయి. పూర్తి తెలుపులో ఒక్కో దీపం 60 మిల్లీ ఆంపియర్ల వరకు తీసుకుంటుంది, అంటే 60 దీపాలకు మొత్తం 3.6 ఆంపియర్లు. 5 వోల్టుల, 4 ఆంపియర్ల అడాప్టరు వాడినా, వెలుగును మూడో వంతు దాటనివ్వడం లేదు. దీపాలను నడిపే చిన్న కంప్యూటర్ చిప్పు ఈఎస్‌పీ32 ఇచ్చే 3.3 వోల్టుల సంకేతం ఈ పట్టీకి చాలదు కనుక మధ్యలో ఆ సంకేతం వోల్టేజీని పెంచే లెవెల్ షిఫ్టరు పెట్టాను.

ఎక్కువ సమయం పట్టింది కదలికకే. వెలుగును సైన్ తరంగంలా అటూ ఇటూ నడిపితే గడియారపు లోలకంలా ఉంది, మథనంలా లేదు. లాగేవాడు మొదట ఒక్క ఉదుటున లాగి, చివర బిగబట్టి, ఆ తరువాతే ఎదుటివారికి వదులుతాడు. కాబట్టి లాగడానికి 1.2 సెకన్లు, బిగబట్టడానికి 0.4 సెకన్లు ఇచ్చి, వేగమంతా మొదటి సగంలోనే ఖర్చయ్యేలా వక్రరేఖను మార్చాను. దీనికి గామా సవరణ, అంటే దీపానికిచ్చే విలువను కంటికి తోచే వెలుగుకు సరిపడేలా మార్చడం, తప్పనిసరి: వెలుగు విలువ 255లో 128 అంటే కంటికి సగం వెలుగు కాదు, అంతకు చాలా ఎక్కువ, 2.2 గామాతో అది 56కు దిగుతుంది. మరీ తక్కువ విలువల దగ్గర మెట్లు మెట్లుగా కనిపిస్తుంది కనుక పామును ఎప్పుడూ పూర్తిగా ఆర్పను, హాలాహలం వచ్చే క్షణంలో తప్ప.

హాలాహలానికి నీలం వాడలేదు. నీలం శివుని కంఠానికి చెందినది, విషం మింగిన తరువాత మిగిలిన మచ్చ అది. విషాన్ని చీకటిగానే చూపాలనుకున్నాను: అడుగు వరుస నుంచి పైకి దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి, చివరకు కంఠం వెనుకనున్న ఒకే దీపం ముదురు నీలంలో వెలుగుతుంది. ఆ తరువాత సురభి, ఉచ్చైశ్శ్రవం, ఐరావతం ఈ క్రమంలోనే పైపొరల్లో వస్తాయి.

ఇక చిలికే పనిని చూసేవారి చేతికి అప్పగించాలి. పక్కన ఒక పిడిని రోటరీ ఎన్‌కోడరుకు (ఎటు, ఎంత తిప్పారో అడుగుల లెక్కన చెప్పే పరికరానికి) బిగిస్తే, ఎటు తిప్పితే వెలుగు అటు పారుతుంది. నా దగ్గరున్న ఎన్‌కోడరుకు చుట్టుకు 20 అడుగులే; ఒక చుట్టులో 60 దీపాలు దాటాలంటే అడుగుకు మూడేసి దూకాలి, అది కుదుపుగా కనిపిస్తుంది. ఆ నడిమి స్థానాలను ప్రోగ్రామే పూరించే భాగం ప్రస్తుతం రాస్తున్నాను.