గాయని ఎక్కడ కూర్చుంది?

పోయిన వేసవిలో స్పీకర్ల జత కొన్నాను. టీవీ బల్లకు అటొకటి ఇటొకటి గోడకు ఆనించి, ఏళ్లుగా వింటున్న ఒక కర్ణాటక కచేరీ రికార్డింగు పెట్టాను. సాహిత్యం స్పష్టంగానే ఉంది కానీ గాయని ఎక్కడ కూర్చుందో తెలియలేదు. గొంతు గదంతా చెదిరిపోయింది, మృదంగం ఎడమ మూత ఇచ్చే లోతైన నాదం పలచబడింది. మనసు చివుక్కుమంది.

రెండు స్పీకర్ల నుంచి ఒకే ధ్వని, ఒకే తీవ్రతతో, ఒకేసారి చేరితే మెదడు దాన్ని ఏ స్పీకరూ లేని నడిమి చోట నిలబెడుతుంది. ఒకవైపు కాస్త హెచ్చినా, కాస్త ముందుగా వచ్చినా ఆ ధ్వని అటు జరిగినట్టు వినిపిస్తుంది. బ్రిటన్ రికార్డింగు సంస్థ ఈఎంఐలో పనిచేసిన ఇంజనీరు ఆలన్ బ్లమ్‌లైన్ 1931లో పేటెంటుకు దరఖాస్తు చేసిన స్టీరియో పద్ధతి ఈ వినికిడి గుణం మీదే నిలిచింది. ఇది చదివాక నా గదిలో తప్పు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను.

పాత మోనో పాట ఒకటి పెట్టాను. రెండువైపులా ఒకే ధ్వని కాబట్టి గొంతు సరిగ్గా మధ్యలో, ఒక్క చోట వినిపించాలి. వినిపించలేదు. వెనక్కి వెళ్లి చూస్తే కుడి స్పీకరుకు ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారై ఉన్నాయి. ఒక స్పీకరు పొర ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతోందన్నమాట. సరిచేయగానే మృదంగం నిండుగా పలికింది, గొంతు కుదురుకుంది. అయితే ఎడమ స్పీకరుకే అతుక్కుపోయింది.

టేపు పట్టి కొలిచాను. నా కుర్చీకి ఎడమ స్పీకరు 2.1 మీటర్లు, కుడిది 2.4 మీటర్లు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి ఆ 30 సెంటీమీటర్లకు పట్టేది దాదాపు 0.9 మిల్లీసెకను. గొంతును పూర్తిగా ఒక పక్కకు లాగడానికి అంత చాలు! నా చెవులు ఇంత సూక్ష్మమైన తేడాను పట్టుకోగలవని అప్పటిదాకా తెలియదు. స్పీకర్ల మధ్య దూరం, వాటికీ కుర్చీకీ దూరం అన్నీ 2.1 మీటర్లుగా సమత్రిభుజం చేశాను.

గొంతు మధ్యకు వచ్చింది కానీ వయొలిన్ పై స్థాయిలో కిటికీ వైపు సాగుతోంది. కుడివైపు గాజు కిటికీ ధ్వనిని తిప్పికొడుతోంది, ఎడమవైపు ఖాళీ ద్వారం. మా అబ్బాయి చేతి అద్దాన్ని కిటికీ వెంబడి జరుపుతుంటే, కుర్చీలోంచి నాకు స్పీకరు కనిపించిన చోటల్లా మందపాటి పరదా వేలాడదీశాం. చివరగా స్పీకర్లను గోడ నుంచి 90 సెంటీమీటర్లు ముందుకు లాగాను. లోతు వచ్చింది అప్పుడే.

ఇప్పుడు సభలో ఎదురుగా కూర్చున్నట్టే ఎడమవైపు మృదంగం, కుడివైపు వయొలిన్, నడుమ గాయని, ఆమె వెనక నుంచి తంబుర. పక్క కుర్చీలో కూర్చున్న మా ఆవిడకు మాత్రం గొంతు దగ్గరి స్పీకరు నుంచే వస్తుంది. అందుకే ఆ కచేరీ పెట్టినప్పుడల్లా మధ్య కుర్చీకి వంతులు వేసుకుంటున్నాం.